మా బాపు చెవులకు నేను చేసిన సాయం

నా చిన్నప్పుడు, నాలుగో తరగతి చదివిన ఏడాది, మా బాపు చెవుల డ్యూటీ నాది. ఎవరూ అప్పగించలేదు, నాకు నేనే వేసుకున్నాను. పాలవాడు గేటు దగ్గర కేకేసినా, పక్క క్వార్టర్ కాక పిలిచినా, పొయ్యి మీద ఎసరు పొంగినా బాపు ముందు నా ముఖం చూసేవాడు. నేను గడ్డం కొంచెం కిందికి దించితే ఎక్కడో చప్పుడైనట్టు. దించకపోతే లోకమంతా నిమ్మళంగా ఉన్నట్టు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసంతా నన్ను మెచ్చుకునేది. "పిల్ల గాదు, బాపుకు రెండు చెవులు" అనేవాళ్ళు. ఆ మెప్పు నాకు బాగా తలకెక్కింది. ఇప్పుడు అరవై దాటాయి, మోకాళ్ళు మాట వినడం లేదు, అప్పట్లో తలకెక్కినవన్నీ ఒక్కొక్కటే దిగిపోయాయి. ఇదొక్కటి మాత్రం దిగలేదు.

మా బాపు బొగ్గుబాయిలో కప్పు చూసే మనిషి. భూమి లోపల బొగ్గు తవ్వుకుంటూ పోయిన కొద్దీ పైనున్న రాయి కిందికి దిగాలని చూస్తుంది. దాని కింద కర్ర దుంగలు నిలబెట్టి ఆపడం ఆయన పని. దుంగ పెట్టే ముందు ఒక పొడుగాటి కర్రతో కప్పును తట్టి, రెండో అరచేతిని కప్పుకు ఆనించి చూసేవాడు. గట్టి కప్పైతే ఖంగుమంటుంది. డొల్లదైతే పగిలిన కుండలా పలుకుతుంది, అరచేతికి అదురు తెలుస్తుంది. "సప్పుడు సగం చెవికొస్తది, సగం చేతికొస్తది" అని నాకు చెప్పేవాడు. బరువు మోయలేక దుంగ విరగబోయే ముందు చిటపటమంటుందట. ఆ చిటపట విన్నవాడు ఉరికి బయటపడతాడు. విననివాడి సంగతి మా ఇళ్ళల్లో ఎవరూ పూర్తిగా చెప్పేవాళ్ళు కాదు, అక్కడికి రాగానే మాట మార్చేవాళ్ళు.

ఒకరోజు బొగ్గు పగలగొట్టడానికి పెట్టిన మందు, ఆయన పూర్తిగా చాటుకు పోకముందే పేలింది. ఎవరి తొందరో, ఎవరి పొరపాటో నాకు తెలియదు. ఒంటి మీద గీత కూడా పడలేదు. రెండు చెవుల నుంచీ రక్తం మాత్రం కారింది. నెల రోజులు దవాఖానలో ఉండి వచ్చాడు. వచ్చిన రోజు నేను బడి నుంచి వస్తూ, సందు మొదట్లో ఆయన వీపు చూసి, "బాపూ, బాపూ" అని అరుచుకుంటూ వెనకాలే ఉరికాను. ఆయన తిరగలేదు. ఇంటి గేటు దాకా నేను అరుస్తూనే ఉన్నాను, ఆయన నడుస్తూనే ఉన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అన్న సామెతను మా వరుసలో అందరూ తెగ వాడేవాళ్ళు. ఆ రోజు నుంచి మా ఎదుట ఎవరూ ఆ మాట అనలేదు. అంతటి మర్యాద మా వాళ్ళకు ఉండేది.

తల ఊపడం మేం కనిపెట్టింది కాదు, బాయిలోదే. లోపల యంత్రాల రొదలో నోటిమాట వినపడదు. అందరి నెత్తి మీదా లైటుంటుంది కాబట్టి తలతోనే మాట్లాడుకుంటారు. కిందికీ పైకీ ఊపితే చూడమనో రమ్మనో, అడ్డంగా ఊపితే ఆగమని. లైటు చూసినవాడు వెంటనే చెయ్యెత్తాలి, చూశానని తెలియాలి కదా. బాపు ఆ పద్ధతినే ఇంటికి తెచ్చాడు. మొదట్లో నేను గంగిరెద్దులా తల ఊపుతుంటే అమ్మ నవ్వేది. రెండు మూడు నెలలు తిరిగేసరికి మా ఇద్దరికీ ఎంత అలవాటైందంటే, నా గడ్డం వడ్లగింజంత కదిలితే చాలు, ఆయన చెయ్యి లేచేది. పక్కన కూర్చున్న అమ్మకు కూడా నేను ఊపింది కనిపించేది కాదు. ఆదివారం చర్చిలో అందరూ లేచినప్పుడు ఆయనా లేచేవాడు, పాట మొదలైతే ఆయనా పెదవులు కలిపేవాడు. పాస్టరుగారు ఒకసారి, వినికిడి తిరిగి వస్తున్నట్టుంది, దేవునికి స్తోత్రం అన్నారు. నేను మురిసిపోయాను.

ఆరేడు నెలల తర్వాత మెడికల్ బోర్డుకు రమ్మని కాగితం వచ్చింది. బోర్డంటే ముగ్గురు డాక్టర్లు. దెబ్బ తగిలిన మనిషి ఏం పోగొట్టుకున్నాడో, అది మళ్ళీ వచ్చేదేనా కాదా చూస్తారు. రాదని తేలితే ఎంత శాతం పోయిందో రాస్తారు. ఆ శాతాన్ని బట్టి కంపెనీ పరిహారం కడుతుంది. మా అమ్మ ధ్యాస పరిహారం మీద లేదు. ఆమెకు కావలసింది ఒక్కటే, ఆయనను మళ్ళీ భూమి లోపలికి దింపకూడదు. చెవులు పోయాయని బోర్డు రాస్తే బాయి పైన ఏదో ఒక పని ఇస్తారు. రాయకపోతే మళ్ళీ అదే కప్పు కిందికి, అవే దుంగల మధ్యకి పోవాలి. పక్క క్వార్టర్ కాక ఇవన్నీ అమ్మకు విడమరిచి చెప్పాడు. ఆయన బాపుతో ఒకే షిఫ్టులో, ఒకే జాగలో పనిచేసేవాడు. మాకు చుట్టం కాదు గానీ చుట్టాలకంటే దగ్గర. అదంతా వాళ్ళు అరుగు మీద కూర్చుని మాట్లాడుకున్నారు. నేను అక్కడే గచ్చకాయలు ఆడుతున్నాను. చిన్నపిల్లకు ఇవన్నీ ఎందుకనుకున్నారు, నాకెవరూ ఏదీ చెప్పలేదు.

బోర్డు కూర్చునే దవాఖాన దూరం, రామగుండంలో రైలెక్కి పోవాలి. తమ్ముడు పుట్టి నెల కాలేదు, అమ్మ కదలలేదు. కాకకు సెలవు దొరకలేదు. చివరికి నేనే వెళ్ళాలన్నారు. ఆ ముందురోజంతా నేను నేల మీద నడవలేదనుకోండి. అమ్మ నాకు నూనె రాసి జడలు బిగించి వేస్తూ, "డాక్టరు సాబు ఏం అడిగినా బాపుకు తెల్వజెయ్యాలె. ఆగం చెయ్యకు" అంది. కాక గేటు దగ్గర నిలబడి, "మన పిల్ల ఉండంగ ఫికరేంది వదినా" అన్నాడు. ఆ మాట ఆయన ఎంత నమ్మి అన్నాడో!

దవాఖానలో పేరు పిలిస్తే నేను తల ఊపాను, బాపు చెయ్యెత్తి లేచాడు. వెంట వచ్చినవాళ్ళు బయటే ఉండాలని కంపౌండరు అన్నాడు. లోపల కళ్ళద్దాల డాక్టరుగారు చూసి, "ఉండనివ్వు, మనం చెప్పేది ఆయనకు ఆ పాపే కదా చెప్పాలి" అన్నారు. మంచి మనిషి. ఆయన అంత మంచివాడు కాకపోయినా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

గది మధ్యలో ఒక స్టూలు ఉంది. బాపును దాని మీద కూర్చోబెట్టారు. బాపు తువ్వాలను ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. మిగతా ఇద్దరు డాక్టర్లు దూరంగా గోడవారన బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటున్నారు. నన్ను బాపుకు ఎదురుగా, తలుపు పక్కన నిలబడమన్నారు. డాక్టరుగారు నాతో, "మీ నాన్నకు చెప్పమ్మా, చప్పుడు తెలిసినప్పుడల్లా చెయ్యెత్తమను" అన్నారు. నేను చెవి చూపించి, చెయ్యెత్తి చూపించాను. బాపు సరేనన్నాడు. డాక్టరుగారు ఆయన వెనక్కి వెళ్ళారు.

మొదట చిన్న గంట మోగించారు. నా గడ్డం కదిలింది, బాపు చెయ్యి లేచింది. తర్వాత చప్పట్లు కొట్టారు. లేచింది. ఒక ఇనుప కడ్డీ లాంటిది తట్టి కుడి చెవి దగ్గరా, ఎడమ చెవి దగ్గరా పెట్టారు. సన్నగా తేనెటీగ లాంటి మోత, నాకే కష్టంగా వినిపించింది. చెవులు రిక్కించి విని మరీ ఊపాను. లేచింది. దూరంగా జరిగి గుసగుసగా అంకెలు చెప్పారు. అదీ దొరికింది. మధ్యలో ఒకసారి, చప్పట్లు కొట్టినట్టు చేతులు తెచ్చి తగలకుండా ఆపేశారు, మోసం పట్టుకోవడానికి. మన దగ్గరా ఆ పప్పులు ఉడికేది! నేను రాయిలా నిలబడ్డాను, బాపూ చెయ్యెత్తలేదు. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు అన్ని ప్రశ్నలకూ జవాబు చెప్పిన పిల్లలా నాకు ఒళ్ళంతా పొంగిపోయింది. బాపు కళ్ళు నా మీదే ఉన్నాయి. ఎనిమిది నెలల నుంచి చప్పుడంటే ఆయనకు నా ముఖమే, ఇంకెటు చూస్తాడు?

డాక్టరుగారు బల్ల దగ్గరికి వెళ్ళి మిగతావాళ్ళతో అన్నారు. "ఎడమ చెవి కాస్త మందం, అంతే. వినపడుతున్నా లేదనేవాళ్ళను రోజూ చూస్తాం. ఈయన నిజాయితీగా చెప్పాడు." ముగ్గురూ సంతకాలు పెట్టారు.

బయట కంపౌండరు నాతో, "మీ బాపు చెవులు మంచిగనే ఉన్నయి పాపా. డ్యూటీకి పోవచ్చు" అన్నాడు. నేను ఎగురుకుంటూ వెళ్ళి బాపు ఎదుట నిలబడి, పెదవులు బాగా కనిపించేలా చెప్పాను. "పాసైనవ్ బాపూ! మంచిగ వినవడ్తదట!" ఆయన నన్ను చూశాడు. ముఖం మొత్తం కాదు, నా గడ్డం వైపు చూశాడు. దవాఖాన మెట్ల మీద కూర్చున్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "ఆకలైతుందా?" అన్నాడు. బజ్జీలు కొనిపెట్టాడు. తను తినలేదు.

తిరుగు రైల్లో మా వెనక నిలబడ్డ ఒకతను, "జరుగు అన్నా, మూట పెట్టుకోవాలె" అన్నాడు. బాపు కదల్లేదు. అతను ఇంకా గట్టిగా అన్నాడు, తర్వాత కసురుకున్నాడు. నేను బజ్జీ తింటూ అలవాటుగా గడ్డం దించాను. బాపు వెంటనే చెయ్యెత్తి పక్కకు జరిగాడు. అప్పుడు నాకు అర్థమైంది. బజ్జీల కాగితం మడిచేశాను. డాక్టరు మోగించిన గంట బాపు వినలేదు, ఒక్క చప్పుడూ వినలేదు, ఆ గదిలో చెవులు నావి. అరుగు మీద అమ్మా కాకా మాట్లాడుకున్నదంతా అప్పుడు ఒక్కొక్క ముక్కే గుర్తొచ్చింది. బాపు నన్నే చూస్తున్నాడు. నాకు అర్థమైందని ఆయనకూ అర్థమైంది.

ఇంటి దగ్గర అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గడపలో నిలబడి ఉంది. కాక డ్యూటీ దిగి స్నానం కూడా చేయకుండా అరుగు మీద కూర్చున్నాడు. "బోర్డు ఏమన్నదే?" అని అమ్మ నన్నే అడిగింది. దారిపొడుగునా నేను కూడబలుక్కున్న మాట ఒకటే. "అమ్మా, నేను..." అన్నాను. బాపు నా పెదవులు చూశాడు. నన్ను దాటి ముందుకొచ్చి, చెవులు పోయినప్పటి నుంచి అలవాటైన పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు.

"తప్పు నాదే. నా అరచెయ్యి టేబుల్ మీద పెట్టి కూసున్న. డాక్టరు సప్పుడు జేసినప్పుడల్ల టేబుల్ అదిరింది. అలవాటు గద, చెయ్యెత్తిన. అన్ని సార్లు ఎత్తిన."

కాక నెత్తి కొట్టుకున్నాడు. "ఎంత పని చేస్తివన్నా! అది బాయి కప్పనుకుంటివా?"

అమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. చెయ్యి ఒళ్ళె పెట్టుకొని కూసోరాదా? గా చెయ్యికేం పుట్టిందయ్యా? నన్నేం జెయ్యాలనుకున్నవ్?" అని మొదలుపెట్టి, ఊపిరాడకుండా తిట్టింది. ఎవరు ఏమన్నా బాపుకు చేరవేయడం నా పని కదా, నేను ఆయన వైపు తిరిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒక్కసారే, బాయిలో లైటుతో ఆగమన్నట్టు. నేను ఆగిపోయాను. చెయ్యి ఒళ్ళోనే ఉందని, దగ్గర్లో బల్లే లేదని నాకు తెలుసు. తొమ్మిదేళ్ళ పిల్ల మీద పడాల్సిన తిట్లన్నీ ఆయన తల వంచుకుని తిన్నాడు. ఒక్కటీ వినపడకుండానే తిన్నాడు.

ఆ కథ మా వరుసలో నెలల తరబడి నడిచింది. "మీ బాపు టేబుల్ పట్టుకొని వింటడట గదనే" అని నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళు నన్ను ఆటపట్టించేవాళ్ళు. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కప్పు చూసే పని చేసినవాళ్ళందరూ మాత్రం ఆ మాట నమ్మారు. వాళ్ళలో ఎవరు కూర్చున్నా అలాగే చేసేవాళ్ళేమో. అబద్ధం అతకాలంటే తెలిసిన పనిలోంచే తీయాలని మా బాపుకు తెలుసు.

కాక ఊరుకోలేదు. బాపును వెంటబెట్టుకుని యూనియన్ ఆఫీసుకు తీసుకెళ్ళి, మళ్ళీ పరీక్ష చేయమని దరఖాస్తు రాయించాడు. బల్ల మీద అరచెయ్యి ఉన్నందున అదురు తెలిసి చెయ్యెత్తానని, నిజానికి వినపడలేదని అందులో రాశారు. బాపు సంతకం పెట్టాడు. ఈలోగా డ్యూటీకి పోక తప్పలేదు. పోకపోతే పని పోతుంది, పోతే ప్రాణానికి ప్రమాదం, ముందు నుయ్యి వెనక గొయ్యి. కాకకు ఆ రోజుల్లోనే బాయి పైన పని వచ్చిందనీ, వద్దన్నాడనీ ఆయన భార్య మా అమ్మతో చెప్పి ఏడ్చింది. లోపల బాపుకు చెవులు కాకే అయ్యాడు. బాపు ఎక్కడ పనిచేస్తే అక్కడ చేయి అందేంత దూరంలో ఉండేవాడు. నేను బడిలో కూర్చుని కూడికలు తప్పు చేసేదాన్ని. బాయి సైరను కూత వినిపిస్తే నా గడ్డం దానంతటదే కిందికి దిగేది. దిగి ఏం లాభం, నన్ను చూసేవాళ్ళెవరు?

నాలుగైదు నెలలకు దరఖాస్తుకు జవాబొచ్చింది. కాక దాన్ని రెండుసార్లు చదివాడు. పరీక్ష సమయంలో ఆ మనిషి గది మధ్యలో స్టూలు మీద కూర్చున్నాడనీ, అతనికి అందుబాటులో బల్ల ఏదీ లేదనీ, దరఖాస్తులో చెప్పిన కారణం నిజం కానందున మొదటి నిర్ణయమే ఖాయమనీ ఉంది. కాక బాపు ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా నిదానంగా అడిగాడు. "టేబులే లేదంటున్నరన్నా. లేనిది ఎందుకు రాయిస్తివి?"

బాపు ఆ కాగితం చూశాడు. "యాది లేదు తమ్మీ. ఉన్నదనుకున్న" అన్నాడు.

కాక ముఖంలో ఆ రోజు నేను చూసింది కోపం కాదు. మాట మీద నిలకడ లేని మనిషి కోసం ఇన్నాళ్ళూ తిరిగానే అన్న చిన్నబోవడం. ఆయన ఒకసారి నా వైపు చూశాడు. నేను అక్కడే, గోడకు ఆనుకుని ఉన్నాను. నిజం చెప్పి ఉంటే ఆయన అప్పుడే లేచి, ఇంకో దరఖాస్తు రాయించడానికి పరుగెత్తేవాడు. మొదటిసారి బాపు నన్ను ఆపాడు, నిజమే. ఈసారి బాపు నా వైపు చూడనే లేదు, తల వంచుకుని ఉన్నాడు. నన్ను ఎవరూ ఆపలేదు. అయినా నేను నోరు విప్పలేదు. టేబులు కథ చెప్పింది ఆయనే, కానీ ఆ మౌనం మాత్రం అచ్చంగా నాదే.

వానాకాలం మొదట్లో, మొదటి షిఫ్టులో కప్పు కూలింది. దుంగలు చిటపటమన్నాయి. అందరూ విన్నారు, ఉరికారు. బాపు గోడ వైపు తిరిగి, దుంగ బిగుసుకునేలా దాని మీద చెక్క కొడుతున్నాడు. కాక ఇంకో దుంగ తేవడానికి అప్పుడే నాలుగడుగులు పక్కకు వెళ్ళాడట, అంతే. లైటు ఊపితే వీపుకు కనిపిస్తుందా? కాక వెనక్కి ఉరుకుతూ చేతికి దొరికిన బొగ్గు పెళ్ళలు తీసి విసిరాడు. మూడోది వీపుకు తగిలింది. బాపు తిరిగి చూసి, లైట్లన్నీ పరుగెడుతుంటే తానూ ఉరికాడు. ప్రాణం బయటపడింది, కుడికాలు రాయి కింద ఉండిపోయింది. మధ్యాహ్నం ఇద్దరు మనుషులు మసి ముఖాలతో మా గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. అమ్మ చేతిలో చేట అలాగే నేల మీద పెట్టి, తలుపు గొళ్ళెం కూడా వేయకుండా వాళ్ళ వెంట నడిచింది.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను, చివర చెప్పాల్సింది వేరే ఉంది. బాపును మళ్ళీ బోర్డుకు పంపారు. ఈసారి ఎవరూ గంట మోగించలేదు. మోకాలి కింద ఎంత మిగిలిందో టేపుతో కొలిచారు, రాసుకున్నారు, పంపేశారు. కాలు లేదని నిరూపించుకోవడానికి ఎవరి సాక్ష్యమూ అక్కర్లేదు. పరిహారం వచ్చింది, బాయి పైన లైట్లు పంచే గదిలో పనీ వచ్చింది. అమ్మ కోరుకున్నట్టే ఆయన మళ్ళీ కిందికి దిగలేదు. కాగితాల్లో ఆయన కుంటివాడు మాత్రమే, చెవిటితనం ఏ కాగితంలోనూ ఎక్కలేదు. టేబులు కథ మటుకు ఇంట్లో ఉండిపోయింది. అమ్మ ముసలితనంలో మనవలకు దాన్ని నవ్వుతూ చెప్పేది, మీ తాత అంత తెలివిగల్లోడు అని. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఎన్నిసార్లు నవ్వానో నాకే తెలియదు.

కాలు తీసిన ఐదారు రోజులకు నన్ను వార్డులోకి రానిచ్చారు. అమ్మ మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్ళింది. పక్క మంచాల వాళ్ళు నిద్రపోతున్నారు. దుప్పటి ఒకవైపు ఎత్తుగా, ఒకవైపు చదునుగా ఉంది. నేను ఆ చదునుగా ఉన్న చోటు చూడకుండా మంచం పక్కన నిలబడ్డాను. ఇక ఆగలేకపోయాను. ఆయన ముఖానికి ఎదురుగా వంగి, ఒక్కొక్క మాటే, పెదవులు బాగా కదిలిస్తూ చెప్పాను. బోర్డులో తల ఊపింది నేనేనని, నా వల్లే ఆయన మళ్ళీ కిందికి పోయాడని, కాక అడిగినప్పుడు కూడా నోరు మూసుకున్నానని, అమ్మకు ఇవాళే చెప్పేస్తానని. చెబుతూ ఏడ్చాను, ఏడుస్తూ చెప్పాను. ఆయన నా పెదవుల మీది నుంచి కళ్ళు తీయలేదు. ఆఖరి మాట దాకా చూశాడు. చూసి, నా ముఖం మీది కన్నీళ్ళు అరచేత్తో తుడిచి అన్నాడు.

"ఏమంటున్నవో వినవడ్తలేదు బిడ్డా."

ఏడాదిన్నరగా నేను గుసగుసగా చెప్పినా, నోట్లో అన్నం పెట్టుకుని చెప్పినా, చీకట్లో సగం ముఖం కనిపించినా అర్థం చేసుకున్న మనిషి. నేను మళ్ళీ చెప్పాను. "వినవడ్తలేదు" అని మళ్ళీ అన్నాడు, ఈసారి కిటికీ వైపు తిరిగి. నాతో ఆయన చెవిటివాడిగా ఉన్నది జీవితం మొత్తం మీద ఆ ఒక్కరోజే.

అది ప్రేమ కాదని నేననను. అంతటి ప్రేమ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. కానీ ఆ ప్రేమకు నేనేం చేయాలో నాకు ఈనాటికీ తెలియలేదు. అమ్మకు చెప్పేస్తానన్నదాన్ని చెప్పలేదు, కాకకూ చెప్పలేదు. ఆయన వినలేదు కాబట్టి చెప్పనట్టే లెమ్మని ఆ రోజు నాకు నేను సర్ది చెప్పుకున్నాను. ఏళ్ళు గడిచాయి, ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. మా ఇంట్లో పిల్లలెవరైనా తప్పు చేసి, ముఖం ముడుచుకుని, చెప్పుకోవడానికి నా దగ్గరికి వస్తే నేను చేతిలో పని పక్కన పెట్టి మొత్తం వింటాను. విని గట్టిగానే తిడతాను. ముసల్దానికి జాలి లేదని మా కోడలు అంటుంది. తిట్లు తిన్నవాళ్ళు కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని ఆటకు పోతారు. నన్ను తిట్టాల్సినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.